మువ్వ గోపాలుని పదకర్త క్షేత్రయ్య

మాచెర్లలో చెన్నకేశవస్వామి సన్నిధిని ప్రవహించు చంద్రవంక, ఎత్తిపోతల కడ కొండమీదినుండి దుమికి కృష్ణవేణిలో కలియును. ఆ కృష్ణవేణి పల్నాటి పొలిమేరలను ఒరసికొని, అమరేశ్వరుని పాదములు కడిగి, బెజవాడ దాటి, సముద్రమును సమీపించు తావున పచ్చని మాగాణములను తడుపుచున్నది. ఆ మాగాణముల నడుమ మువ్వ అను గ్రామము కలదు. మొవ్వ అనియు వ్యవహారము. నాట్యమునకు పుట్టినిల్లయిన కూచిపూడి దానికి పొరుగు గ్రామము. మువ్వలో వెలసిన వేణుగోపాలస్వామిని మువ్వ గోపాలుడని లోకము కీర్తించుచున్నది. మూడువందల యేబది సంవత్సరములకు పైబడి ఆ నామము ఆంధ్రదేశమునను, ద్రావిడదేశమునను, సంగీతమున్న చోటనెల్ల మాఱుమ్రోగుటకు కారణము ఒక్క భక్తుడు. ఆయన క్షేత్రయ్య.

ఆయన పాడినది శృంగారము. రామదాసువలె మొఱలిడలేదు, పోతనవలె పురాణము చెప్పలేదు. స్త్రీపురుషుల వలపు, అలుక, ఎడబాటు, కూడిక, ఇవియే ఆయన సామగ్రి. ఇందువలన నేటికిని మన వైష్ణవ గృహములందు కొందఱు పెద్దలు ఆయన పేరు వినగానే చేతులు జోడింతురు. ఆయన పదములు వినవలసి వచ్చినపుడు మాత్రము పిల్లలను లోపలికి పొమ్మందురు. ఈ తడబాటు సహజమే. అయినను ఒక మహాభక్తుని విషయమున ఇంతకాలము తడబడుచు నుండుట న్యాయము కాదు. ఆయన చరిత్రను కొంచెము నిదానముగా పరిశీలించినచో ఆ తడబాటు ఎక్కడ మొదలైనదో తెలియగలదు.

ఆయన పూర్వనామము వరదయ్య అని పరంపరగా చెప్పుదురు. బాల్యమునందే ఆయనకు మువ్వ గోపాలుని ఆలయము రెండవ ఇల్లు. ఆ ఆలయమున స్వామి కైంకర్యమునకై ఆటపాటలు నేర్చిన మోహనాంగి అను దేవదాసి ఉండెడిది. ఆమెయందు వరదయ్యకు వలపు కలిగెను. ఆమె విద్యావతి, స్వామియందు స్థిరమైన భక్తి గలది. తన్ను కోరివచ్చిన యువకుని ఆమె కసరి పంపలేదు, అతనికి లొంగిపోనూ లేదు. గోపాలుని లీలలను నేర్చి, పాడి, మెప్పించిననాడు చూతమని నియమము పెట్టినది. వరదయ్య ఒక యోగివలన గోపాలమంత్రమును గ్రహించి, స్వామి సన్నిధిని జపమునకు కూర్చుండెను. మంత్రము ఫలించెను, నోట పదము వెలువడెను. ఇది ఐతిహ్యమేగాని శాసనము కాదు. అయినను జనులు ఒక కథను ఇన్ని తరములుగా కాపాడుకొని వచ్చినారన్నచో, ఆ కథ ఏమి చెప్పుచున్నదో చెవియొగ్గి వినవలెను.

ఇట్టి కథలు మనకు క్రొత్తవి కావు. శ్రీరంగమున స్వామికి పూలతోట పెంచుచుండిన విప్రనారాయణుడు దేవదేవి వలపులో చిక్కి, రంగనాథుని కరుణచే బయటపడి, తొండరడిప్పొడి ఆళ్వారుగా ప్రసిద్ధుడైనాడు. ఆ కథనే సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసమను కావ్యముగా రచించినాడు. లీలాశుకుడు చింతామణి యను వేశ్య యింటికి వరదను సైతము లెక్కింపక పోయి, ఆమె మందలింపుచే కృష్ణభక్తుడైనాడు. ఈ రెండు కథలయందును కామము ఒక రొంపి. భక్తుడు దానినుండి లేచి, కాళ్లు కడుగుకొని, స్వామి యొద్దకు పోవును. మఱల వెనుకకు చూడడు. వరదయ్య కథ అట్టిది కాదు. మోహనాంగిమీద పుట్టిన వలపే గోపాలునిమీదికి ప్రాకినది. ప్రాకిన తరువాతను వలపుగానే నిలిచినది. వలచిన స్త్రీ ఎట్లు ఎదురుచూచును, ఎట్లు అలుగును, ఏ మాటకు కరగును, ఏ మాటకు కన్నీరు పెట్టును అను పరిజ్ఞానమంతయు స్వామి సేవకు వచ్చినది. గోపాలుడు ఆయనను వలపు విడిచి రమ్మని కోరలేదు. భక్తుల చరిత్రలయందు ఇది అపురూపమైన విషయము. మన పెద్దలు దీనిని గమనింపవలసినంతగా గమనింపలేదని నాకు తోచును.

ఆ పిమ్మట వరదయ్య మువ్వలో నిలువలేదు. తిరుమల, కంచి, శ్రీరంగము, చిదంబరము మొదలైన క్షేత్రములను దర్శించి, ఆయా స్వాములను గూర్చి పదములు చెప్పెను. క్షేత్రములు తిరిగినవాడు గనుక క్షేత్రజ్ఞుడైనాడు. జనుల నోట క్షేత్రయ్య అయినాడు. కంచి వరదుని పాడినను, తిరువేంగళనాథుని పాడినను, ఆయన కన్నులకు కనబడినవాడు మువ్వ గోపాలుడే. ఏ పుణ్యక్షేత్రమునకు పోయినను సొంత ఊరి స్వామిని మనసున మూటగట్టుకొని పోవుట మన యాత్రికులకు తెలియని విషయమా!

పదునేడవ శతాబ్దమున తెలుగు కవి ఆదరము కోరి దక్షిణమునకు పోవుట పరిపాటి. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరవైభవము కూలిన పిమ్మట, మధురను తంజావూరును ఏలుచుండిన తెలుగు నాయకరాజుల కొలువులలో మన భాష మఱల వెలిగెను. మధురను తిరుమలనాయకుడు 1623 మొదలు 1659 వఱకు పాలించెను. తంజావూరి విజయరాఘవనాయకుడు 1673లో యుద్ధమున మరణించువఱకు రాజ్యము చేసెను. ఉత్తరమున గోలకొండలో అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుండి 1672 వఱకు సుల్తానుగా నుండెను. ఈ మూడు ఆస్థానములందును క్షేత్రయ్య సన్మానము పొందెను. ఆ సన్మానముల వివరమును ఆయనయే ఒక పదమున చెప్పుకొనియున్నాడు. ఆ లెక్క ప్రకారము ఆయా కొలువులలో చెప్పిన పదములు కలిసి నాలుగువేలకు పైబడును. నేడు మనకు మిగిలినవి కొన్ని వందలు మాత్రమే.

విజయరాఘవుడు తానును కవి. మన్నారుగుడి రాజగోపాలస్వామికి దాసుడనని మన్నారుదాసు అను పేరు ధరించినవాడు. ఆయన కొలువున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించినది. అట్టి కొలువునకు క్షేత్రయ్య పోయినపుడు పండితులు ఆయనను తేలికగా చూచిరనియు, వాడుకమాటలతో ఆడువారి ఊసులు చెప్పువానికి ఇంత గౌరవమేలని రాజుతో గొణిగిరనియు ఒక కథ కలదు. క్షేత్రయ్య కోపింపలేదు. ఒక పదమును చివరి చరణము పూరింపక వారి ముందుంచి, తాను మఱల వచ్చులోపల దానిని పూర్తిచేయుడని చెప్పి యాత్రకు పోయెను. నెలలు గడచినవి. వ్యాకరణమెఱిగినవారు, అలంకారశాస్త్రమును తలక్రిందులుగా చదివినవారు, ఎందఱు కూర్చున్నను ఆ కొఱత తీఱలేదు. ఆయన తిరిగివచ్చి, అలవోకగా ఆ చరణమును చెప్పి ముగించెనట. పండితులకు రానిది ఛందస్సు కాదు. ఆ పదమున మాటలాడుచున్న స్త్రీ తరువాత ఏమి పలుకునో వారికి తెలియలేదు.

ఇచ్చట ఒక మాట దాచిపెట్టుట తగదు. తాళ్లపాక అన్నమాచార్యులను సాళువ నరసింహుడు తనమీద శృంగారపదము చెప్పుమని కోరగా, ఆయన హరినామము పలికిన నోట మానవుని పొగడనని నిరాకరించి సంకెళ్లు పడినట్లు మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర తెలుపుచున్నది. క్షేత్రయ్య అంతటి నిష్ఠ పాటింపలేదు. విజయరాఘవుని నాయకునిగా చేసి కొన్ని పదములు చెప్పెను. ఈ యొక్క విషయమున అన్నమయ్య స్థానము ఎత్తైనదని ఒప్పుకొనవలెను. అయినను ఆయన కీర్తికి కుదురు మువ్వ గోపాలుని పదములేగాని రాజుల పదములు కావు.

పదమనగా చిన్న రచన. పల్లవి, అనుపల్లవి, సాధారణముగా మూడు చరణములు. అందున ఒకచోట మువ్వ గోపాలుని ముద్ర. నడక మిక్కిలి విలంబము. ముఖారి, కాంభోజి, సహాన, హుసేని, ఆనందభైరవి, పున్నాగవరాళి వంటి రాగముల సారమంతయు పిండి పోసినట్లుండును. రాగస్వరూపము తెలియగోరువారు క్షేత్రయ్య పదములను అభ్యసింపవలెనని సంగీతవిద్వాంసులు చెప్పుదురు. తొందరపడువానికి పదము లొంగదు. ఒక్క పలుకును పట్టుకొని గాయని తిరుగుచుండగా, అభినయించు స్త్రీ ఆ పలుకులో నిమిడిన పది భావములను కన్నులతో, చేతులతో విప్పిచూపును.

ఈ భావములకు శాస్త్రము కలదు. ఆ శాస్త్రము మన పల్నాటికి పరాయిది కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన కొండవీడు ఒకనాడు రెడ్డిరాజుల రాజధాని. అచట 1402 మొదలు 1420 వఱకు పాలించిన పెదకోమటి వేమారెడ్డి, అమరుకుని శృంగారశతకమునకు శృంగారదీపిక అను సంస్కృతవ్యాఖ్యను వ్రాసెను. శ్రీనాథ మహాకవికి విద్యాధికారమిచ్చినవాడు ఆయనయే. ఒక్కొక్క శ్లోకమున పలుకుచున్నది ఎవరు, ఎవరితో పలుకుచున్నది, ఆమె ముగ్ధయా, ప్రౌఢయా, ఏ యవస్థలో నున్నది అను విషయములను ఆ రాజు ఓపికగా విడమరచినాడు. కోటబురుజులమీద నిలిచి శత్రువులతో పోరాడిన దొర, అలిగిన యువతి మౌనమునకు అర్థము వెదకుచు కూర్చుండుటను ఊహించినచో నాకు ముచ్చట కలుగును. తెలంగాణమున రాచకొండ నేలిన సింగభూపాలుడును రసార్ణవసుధాకరమున ఇట్టి విచారమునే చేసినాడు. భర్త రాకకై ఇల్లలంకరించుకొని యున్న వాసకసజ్జిక, రాత్రి యంతయు వేచి మోసపోయిన విప్రలబ్ధ, పరస్త్రీ చిహ్నములతో వచ్చిన ప్రియుని నిలువదీయు ఖండిత, తగవాడి పంపివేసి ఆ పిమ్మట కుమిలిపోవు కలహాంతరిత, ఇట్లు నాయికల అవస్థలు ఎనిమిది. తెలుగు రాజులు సంస్కృతమున శాస్త్రము వ్రాసిరి. రెండువందల యేండ్ల తరువాత తెలుగు పదకర్త ఆ శాస్త్రమును తెనుగింటి పడతి నోట పలికించెను.

క్షేత్రయ్య పదములలో పలుకునది పెక్కింట స్త్రీయే. గోపాలుడు నాయకుడైనను తరచుగా మాట లేక నిలుచుండును. ఆమె నిందించును, ప్రశ్నించును, చెలికత్తెతో చెప్పుకొని ఏడ్చును, తలుపు మూయును, మఱల తెఱచును. ఆమెకు అత్తమామలు కలరు, ఇరుగుపొరుగు కలరు, లోకము ఏమనుకొనునో అను వెఱపు కలదు. కొన్ని పదములలో ఆమె వెలయాలు; వచ్చినవాడు లోకములేలు స్వామియే అయినను సొమ్ము మాట ముందు తేల్చుమనును. మూడులోకములను రెండడుగులలో కొలిచినవాడు ఆమె గడప కడ లెక్క చెప్పుకొనవలసి వచ్చును! ఈ హాస్యమున భక్తి లేదనువారు గోకులమున వెన్న దొంగిలించి యశోద చేత రోటికి కట్టుబడినవానిని మఱచినవారు. చిల్లర మాటలతో, ఇంటి గొడవలతో ఆమె మాటలాడుచుండగనే, ఆమెకు తెలియకయే స్వామి సన్నిధి ఆ ఇంటిని నింపివేయును.

మోహనరాగమున ఒక పదము కలదు. దానిని గూర్చి పదాభినయము నేర్పువారు ఒక కథ చెప్పుకొందురు. క్షేత్రయ్య కంచిలో వరదరాజస్వామి ఆలయమున ఒక రాత్రి చిక్కుపడిపోయెనట. తెల్లవాఱుజామున స్వామి శయ్యామందిరమునుండి పెరుందేవి తాయారు వెలుపలికి వచ్చుటను ఆయన చూచెనట. రాత్రి గడచిన గుర్తులన్నియు ఆమె కురులయందును, నడకయందును, కన్నులయందును ఉన్నవి. దానినే ఆయన పదముగా పాడెను. ఇందు అలుక లేదు, దూతిక లేదు, వాదము లేదు. ఒక స్త్రీ తన భర్త గదినుండి ఉదయమున వెలువడుచున్నది, అంతే విషయము. ఆ స్త్రీ జగన్మాత. చూచువాడు బిడ్డ. బిడ్డ కన్ను దించుకొనలేదు, దొంగచూపు చూడలేదు. గర్భాలయమున హారతి చూచునట్లు చూచెను.

ఇది తప్పా? మన ఆలయములలో రేయి ఏమి జరుగునో తలచుకొందము. తుది నివేదన అయిన పిమ్మట స్వామిని ఊయలమీదనో శయ్యమీదనో పవళింపజేసి, పాలు పండ్లు సమర్పించి, జోలపాడి, తలుపులు మూయుదురు. దానికి పవళింపుసేవ అనియు ఏకాంతసేవ అనియు పేర్లు. ఉదయమున సుప్రభాతముతో మేల్కొల్పుదురు. కల్యాణోత్సవమున మంగళసూత్రధారణ చేయింతుము; వసంతోత్సవమున, డోలోత్సవమున ఉభయ దేవేరులతో స్వామిని ఊరేగింతుము. లక్ష్మి స్వామి వక్షమునందు నివసించుననియు, ఆమె లేక ఆయనను ఆశ్రయింపరాదనియు మన పూర్వాచార్యుల ఉపదేశము. మన్మథుడు ఆయన కుమారుడు. ధర్మమునకు విరుద్ధము కాని కామము తానే అని గీతలో భగవానుడు అర్జునునకు బోధించినాడు. మన గృహ్యసూత్రములు గర్భాధానమును మంత్రపూర్వకమైన సంస్కారముగా విధించినవి. దంపతుల శయ్య మీద మంత్రము పఠించిన జాతికి పదము వినుటకు సిగ్గేల?

నమ్మాళ్వారు పరాంకుశనాయకియై స్వామికి కొంగలచేత, మేఘములచేత సందేశములు పంపినాడు. తిరుమంగై ఆళ్వారు పరకాలనాయకియై విలపించినాడు. గోదాదేవి తన యౌవనమును మానవునికి ఇయ్యనని శపథము పట్టి రంగనాథుని వరించినది. ధనుర్మాసమున ప్రతి యింట తిరుప్పావై పాడుచుందుము. ఆమెయే పాడిన నాచ్చియార్ తిరుమొழిలో దేహము పడు విరహవేదన ఎంత తీవ్రముగా నున్నదో చదివినవారికి క్షేత్రయ్య పదము సౌమ్యముగా తోచును.

శృంగారమును సమర్థించుటకు పెద్దలు సామాన్యముగా చెప్పు మాట ఒకటి కలదు. నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ, చెలికత్తె ఆచార్యుడు అని. ఈ మాట సత్యమే, సంప్రదాయసిద్ధమే. కాని దానిని తెరగా వాడుకొనుట నాకు నచ్చదు. ఆ పడతి నిజముగా పడతి కాదు, ఆ శయ్య నిజముగా శయ్య కాదు, అంతయు గూఢార్థమే అన్నచో క్షేత్రయ్య చేసిన పని చెడును. ఆయన పాడినది చెమట, కన్నీరు, నిట్టూర్పు గల స్త్రీని. జీవాత్మ ఆమెలోనే ఉన్నది. ఆమెను త్రోసివేసి జీవాత్మను వేఱుగా పట్టుకొనలేము. అర్చామూర్తి రాయి కాదని మనము నమ్ముదుము. రాయి లేకపోయిన అర్చామూర్తి ఎక్కడ?

పల్నాటి నేలమీద ఈ దృష్టి క్షేత్రయ్యకంటె పదునాలుగువందల యేండ్లు ముందటిది. మాచెర్లకు చేరువలో కృష్ణానది చుట్టి పాఱిన నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకురాజుల కాలమున, అనగా క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములందు, బౌద్ధస్తూపములు వెలసినవి. సాగరము నిండకముందు 1954 నుండి 1960 వఱకు అచట విస్తృతమైన త్రవ్వకములు జరిగినవి. వెలికివచ్చిన సున్నపుఱాతి పట్టికలను నేడు జలాశయమధ్యమున నున్న ప్రదర్శనశాలలో చూడవచ్చును. బుద్ధుని జీవితఘట్టమొకటి, ప్రక్కన మిథునము, అనగా ప్రేమలో నున్న స్త్రీపురుషుల జంట, మఱల బుద్ధుని కథ, మఱల మిథునము. సంసారమును విడిచిన మహాత్ముని కథను చెక్కిన శిల్పియే, ఘట్టమునకు ఘట్టమునకు నడుమ సంసారసుఖమున నున్న జంటలను నిలిపెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆలయద్వారమునకు మిథునములు అలంకారముగా నుండవలెనని చెప్పినాడు. అవి మంగళకరములు. గోపురమున ఇట్టి శిల్పములు కనబడినపుడు కొందఱు యాత్రికులు తలదించుకొని త్వరగా లోపలికి పోవుదురు. ద్వారమున వానిని నిలిపిన స్థపతి తలదించుకొనమని చెప్పలేదు. దంపతుల అనురాగమును చూచి, దానిని మనసున నిండించుకొని, ఆ మనసుతోనే గర్భగుడికి పొమ్మని ఆయన తలంపు.

తడబాటు ఎప్పుడు మొదలైనది? పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున. ఆంగ్లవిద్య నేర్చినవారు దేవదాసీల ఆటపాటలను నీతిబాహ్యములుగా ఎంచసాగిరి. మన కందుకూరి వీరేశలింగం పంతులు భోగముమేళములను తీవ్రముగా ఖండించిరి. 1893లో మదరాసు సంస్కర్తలు ఈ మేళములను ఆదరింపవలదని ప్రభుత్వాధినేతలకు విన్నపము పంపిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, తంజావూరి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి అచ్చువేయించగా, మఱుసటి యేట ప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించెను. రాధాకృష్ణుల కథను ఒక స్త్రీ వ్రాయగా, ఇంకొక స్త్రీ అచ్చువేయగా, న్యాయము తీర్చినవారు తెల్లదొరలు! టంగుటూరి ప్రకాశం పంతులు మదరాసు ప్రధానమంత్రిగా నున్న కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు.

సంస్కర్తలను కేవలము నిందించుట అధర్మము. దేవునిపేర బాలికలను అర్పించి, పిమ్మట ధనవంతుల పాలుచేయు దురాచారము నిజముగా నుండెను. తెలియని వయసున ఒక ఆడపిల్ల జీవితమును ఇతరులు నిర్ణయించుట ఏ శాస్త్రముచేతను సమర్థనీయము కాదు. 1947లో మదరాసు శాసనసభయు, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు దేవదాసీ సమర్పణను నిషేధించి మేలు చేసినవి. మోహనాంగి వరదయ్యకు నియమము పెట్టగలిగినది. అట్టి స్వాతంత్ర్యము ఎందఱికి లభించినది? శృంగారము పవిత్రమని పలుకువారు మొట్టమొదట ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను. స్త్రీ ఇష్టము లేనిచోట శృంగారము లేదు. క్షేత్రయ్య పదములయందు గోపాలుడంతటివాడు ఆమె అనుమతికై వాకిట వేచియుండుటను మఱువరాదు.

అయినను దురాచారముతోబాటు విద్యయు వెలివేయబడినది. ఆలయములందు పదములు పాడు గొంతులు మూగవోయినవి. క్రొత్తగా నాట్యము నేర్చిన పెద్దింటి కన్యలకు గురువులు శృంగారపదములను కొన్నింటిని విడిచి, కొన్నింటిని మెత్తబఱచి నేర్పిరి. తరతరములుగా పదములను కంఠమున నిలిపిన కళావంతుల స్త్రీలు తమ కులవిద్యను చెప్పుకొనుటకే సిగ్గుపడు దుస్థితి కలిగెను. నాలుగువేల పదములలో వందలే మిగులుటకు కాలము కొంత కారణము. మన సిగ్గు కొంత కారణము.

మిగిలినవి ఎట్లు మిగిలినవి? ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో క్షేత్రయ్య పదములను స్వరపఱచి ప్రకటించినారు. విస్సా అప్పారావుగారు పదములను సేకరించి, అచ్చువేయించి మహోపకారము చేసినారు. కాని పుస్తకమున పదము సగమే బ్రతుకును. తక్కిన సగము స్త్రీల కంఠములలో దాగినది. మదరాసులో వీణ ధనమ్మాళ్ అను విదుషీమణి 1867లో జన్మించి 1938లో పరమపదించినది. ఆమె దేవదాసీ వంశమునకు చెందినది, అరవనాటి స్త్రీ. శుక్రవారము సాయంత్రములందు తన ఇంట వీణ మీటుచు, మెల్లగా గొంతు కలిపి పదములు పాడుచుండగా, విద్వాంసులు చప్పుడు చేయక కూర్చుండి వినెడివారు. చరమదశయందు ఆమెకు చూపు తగ్గినది. పేదఱికమును అనుభవించినది. పదము విడువలేదు.

ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త ఆ పదములను నేర్చి పాడిరి. ఇంకొక మనుమరాలు బాలసరస్వతి వానిని అభినయించినది. 1918లో పుట్టి 1984లో గతించిన ఈమె, నాట్యమునుండి శృంగారమును తొలగించి శుద్ధిచేయవలెనను వాదమును జీవితాంతము ఎదిరించినది. శృంగారమునకు వేఱే శుద్ధి అక్కరలేదనియు, అదియే భక్తిరూపమనియు ఆమె దృఢమైన విశ్వాసము. ఆమె 1962 మొదలు పలుమార్లు అమెరికాకు పోయి వెస్లియన్ విశ్వవిద్యాలయమున నాట్యము నేర్పినది. తెలుగు అక్షరమెఱుగని శిష్యులకు ఆమె ఒక్కొక్క పలుకునకు అర్థము చెప్పి, చేయి పట్టి అభినయము చూపెడిది. ఆ విధముగా వరదయ్య మువ్వ గ్రామమున జపించి పిలిచిన గోపాలుడు, సముద్రములు దాటి, మంచు కురియు దేశమున ఒక తరగతి గది వాకిట నిలిచెను.